చిట్టా ముందు, భూతం తరవాత: గంజాం సీమలో విక్టోరియా కాలపు గోతిక్ నవల రాసే పద్ధతి

భూతాన్ని పట్టి, కొలిచి, సీసాలోకి దించి, దానికో లాటిన్ పేరు తగిలించే దొర ఒకడు. ఆయన వెంట రాతపనికి తిరిగే తెలుగు గుమాస్తా ఒకడు. ఇద్దర్నీ గంజాం కొండల్లోకి పంపితే గోతిక్ నవల (పాడుబడ్డ ఇళ్లు, భయం, రహస్యం నడిపే కథ) సగం అయిపోయినట్టే అనిపిస్తుంది గానీ, ఇలాంటి చిత్తుప్రతులు ఎక్కువగా నాలుగో అధ్యాయం దగ్గరే చతికిలబడతాయి. రాసేవాళ్లు ముందుగా భూతం బొమ్మ గీసుకుని కూర్చోవడమే కారణం. కోరలు, గోళ్లు, ఎర్రటి కళ్లు మూడు అధ్యాయాల్లో ఖర్చయిపోతాయి. తరవాత వడ్డించడానికి గిన్నెలో ఏమీ ఉండదు.

కోరను చూసి పాఠకుడు ఒక్కసారే ఉలిక్కిపడతాడు. ఆ కోర ఎన్ని అంగుళాలో చెయ్యి వణక్కుండా రాసుకునే మనిషిని చూస్తే పుస్తకం పొడుగునా భయపడతాడు. అందుకని ముందు చిట్టా తయారుచెయ్యండి.

ఏ సంవత్సరమో తేల్చుకోవడం

విక్టోరియా రాణి 1837 జూన్‌లో గద్దెనెక్కి 1901 జనవరి 22న పోయింది. ఈ అరవైమూడేళ్లలో ప్రయోగశాల సామానంతా తలకిందులైంది. ‘విక్టోరియా కాలం’ అని ఊరికే వదిలేస్తే 1850లో ఫార్మలిన్ సీసా ప్రత్యక్షమవుతుంది, తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఫార్మలిన్‌లో శరీరభాగాలు చెడకుండా నిలుస్తాయని తెలిసింది 1893లో. అంతకుముందు దిక్కు స్పిరిటు, ఉప్పు, పటిక. తోళ్లకైతే పాషాణం (ఆర్సెనిక్ విషం) కలిపిన సబ్బు.

మన కథకు 1882 బాగా కుదురుతుంది. ఎండు ఫొటో పలకలు (కనిపెట్టింది 1871) అప్పటికి కొనుక్కోవడానికి దొరుకుతున్నాయి. అంతకుముందు వాడిన తడి పలకలైతే రసాయనం పూసిన పది పదిహేను నిమిషాల్లో, అది ఆరకముందే, బొమ్మ తీసి కడిగెయ్యాలి. మన ఎండలో ఆ గడువు ఇంకా తక్కువ. భూతం కోసం రాత్రంతా కాపు కాసేవాడికి తడి పలక పనికిరాదు. సూక్ష్మదర్శినికి నూనె చుక్కతో చూసే కటకాలు 1878 నుంచి ఉన్నాయి. కాబట్టి దొరకు కళ్లు బాగానే ఉన్నాయి, చూసినదానికి పేరు మాత్రం తెలీదు. మీకు కావలసింది సరిగ్గా ఆ స్థితే.

ఉన్నవాటికన్నా లేనివాటి జాబితా ఎక్కువ పనికొస్తుంది. 1882లో కలరాకి ఏ పురుగు కారణమో తేలలేదు; అది 1884లో తేలింది. పిచ్చికుక్క కాటుకు టీకా 1885 దాకా లేదు. ఎక్స్‌రే 1895లో. చలిజ్వరం దోమవల్లనని రుజువైంది 1897 ఆగస్టులో, సికిందరాబాదులో. అన్నిటికన్నా ముఖ్యమైనది: గోడమీద ఎండిపోయిన మరక మనిషి నెత్తురో మేక నెత్తురో తేల్చే పరీక్ష 1901 దాకా లేదు. నెత్తురని చెప్పగలరు, ఎవరిదని చెప్పలేరు. నవల నడుమ మూడు అధ్యాయాల్ని ఈ ఒక్క అశక్తత మోస్తుంది.

మద్రాసు అటవీ చట్టం వచ్చిందీ 1882లోనే. గంజాం అప్పుడు మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) భాగం, 1936 ఏప్రిల్ 1 దాకా అంతే. కొండల మీద కలెక్టరే గవర్నరు ఏజెంటు. ‘ఏజెన్సీ’ అన్న మాట 1839 నాటి 24వ చట్టం నుంచి అలాగే మిగిలింది. అడవికి హద్దురాళ్లు పాతాలన్న మాట మొదలయ్యేసరికి, ఆ రాళ్ల అవతల ఏముందో రాయడానికి ఒక దొర అవసరమవుతాడు. కథ నడిచే కారణం మీరు కల్పించనక్కర్లేదు, సర్కారే ఇచ్చింది.

రైలు పెట్టకండి. బెజవాడ నుంచి కటకం దాకా పట్టాలు పడింది 1893, 1896 మధ్య. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు 1900 ఏప్రిల్‌లో. 1882లో ఎద్దుబండి గంటకు రెండు మైళ్లు, రోజుకు పది పన్నెండు మైళ్లు. తొందరైతే పల్లకీ, బోయీలు. తంతి తీగ కోస్తా వెంట ఉంది, కొండ మీద లేదు. అంటే కొండ మీద జరిగిన చావు కింద కచేరికి కాలినడకనే చేరాలి.

బంగళా, కోట, ఉప్పు కొఠారు

గోతిక్ కథకు పాడుబడ్డ ఇల్లొకటి ఉండాలి. లండన్ పొగమంచులో మేడ ఎందుకు, రుషికుల్య ఒడ్డున గంజాం ఊరి దగ్గర పొటాగడ కోట ఉండగా? 1768లో కట్టిన నక్షత్రాకారపు కోట అది. ఊళ్లో 1815లో విషజ్వరం వచ్చి జనం పిట్టల్లా రాలితే జిల్లా కచేరి ఆ ఊరొదిలి వెళ్లిపోయింది. సర్కారే భయపడి ఖాళీచేసిన ఊరు. ఒక పగలు వెళ్లి గోడ మందం, గుమ్మం ఎత్తు, నదివైపు నుంచి గాలి ఏ వేళకు తిరుగుతుందో రాసుకురండి. గది కొలతలు తెలిస్తే వాక్యానికి బరువు వస్తుంది.

జమీందారీని మాత్రం కల్పించుకోండి. అసలు సంస్థానాల పేర్లు వాడితే వంశస్థులు ఉన్నారు, ఊళ్లు ఉన్నాయి, తగాదాలు ఉన్నాయి. గంజాంలో చిన్నాపెద్దా జమీందారీలు చాలా ఉండేవి కనక ఒకటి ఎక్కువైనా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఊళ్ల పేర్లు, దారులు, తాలూకాలు సరిచూసుకోవడానికి అదే 1882లో అచ్చయిన గంజాం జిల్లా మాన్యువల్ చాలు.

ఉప్పు సంగతి వేరు, దీన్ని వదలకండి. చిలక సరస్సు దగ్గర హుమ్మాలో ఉప్పు మళ్లు ఉన్నాయి. ఉప్పు మీద సర్కారు కాపలా గట్టిది. బస్తాలకొద్దీ కావాలంటే అర్జీ పెట్టాలి, లెక్క చెప్పాలి. పచ్చి తోలు నిలవ ఉండాలంటే దాని బరువులో ఇంచుమించు సగం ఉప్పు పట్టాలి. ఆవుతోలు పచ్చిది పాతిక కిలోలనుకుంటే పదకొండు పన్నెండు కిలోల ఉప్పు, అంటే మద్రాసు మణుగు ఒకటి (ఎనిమిది వీశెలు, 25 పౌన్లు). ఇప్పుడు మీ దొర ఉప్పు శాఖకు రాసిన అర్జీలో ‘పద్నాలుగు మణుగులు’ అని ఉంచండి. భూతం ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేదు. లెక్క వచ్చిన పాఠకుడు వేళ్లు మడిచి చూసుకుంటాడు. రానివాడి కోసం కొఠారు జవాను ‘అన్ని మణుగులా? ఏనుగునేటైనా ఊరేస్తారా బాబూ?’ అని ఒక్కమాట అంటే సరిపోతుంది.

ఏ నెలలో

ఏజెన్సీ దొరలు కొండలెక్కేది చలికాలం చివర, జనవరి నుంచి మార్చి లోపల. వానలయ్యాక, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, మన్యపు జ్వరం పట్టుకుంటుందని పల్లంలో అందరికీ తెలుసు. మీ దొర సెప్టెంబరులో ఎక్కాలి. అందరూ వద్దన్నప్పుడు వెళ్లడం గోతిక్‌కి మూలసూత్రం. అక్టోబరు, నవంబరుల్లో కోస్తాకి తుఫాను వస్తుంది కనక దిగే దారి మూయడానికి అదీ కలిసొస్తుంది.

వాతావరణం రాసేటప్పుడు పొగమంచుకి మితం పాటించండి. మహేంద్రగిరి మీద (1,501 మీటర్లు) మబ్బు నేలబారున నడుస్తుంది, అక్కడ రాసుకోండి. కింద మాత్రం ఉక్క. తడి గోడ, నాచు, బట్టలు ఆరకపోవడం, ఆముదం దీపం చుట్టూ ఉసుళ్లు. దొర బల్ల మీద కిరసనాయిలు లాంతరు పెట్టి, గుమాస్తా చాప దగ్గర ఆముదం దీపం పెడితే ఎవరికి ఎంత కనిపిస్తుందో అదే తేలిపోతుంది.

చిట్టా ఎలా ఉండాలి

ఇది నవలకు వెన్నెముక కనక రెండు వారాలు దీనికే కేటాయించండి. అప్పటి జంతుశాస్త్రజ్ఞులు ప్రతి నమూనాకీ చీటీ కట్టేవారు. అందులో వరస సంఖ్య, తేదీ, చోటు, ఆడో మగో, ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు, తోక పొడవు, వెనక పాదం, చెవి, కనుపాప రంగు, కడుపులో ఏముంది, పట్టినవారి పేరు ఉండేవి. కొలతలన్నీ తోలు ఒలవకముందే తియ్యాలి, ఒలిచాక తోలు సాగుతుంది. కనుపాప రంగు చచ్చిన కొద్దిసేపటికే మారిపోతుంది, అందుకే దాన్ని అప్పటికప్పుడు రాసుకునేవారు. మీ కథలో ఒక చీటీ మీద కనుపాప రంగు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటే పాఠకుడికి శాస్త్రం కూడా తెలియాలి. కాబట్టి రెండో అధ్యాయంలోనే ఏదో మామూలు ముంగిసని కొలిపించి, ఆ నియమం ఊరికే చెప్పించెయ్యండి. నియమం ముందు తెలిస్తేనే అది తప్పినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

చిట్టా రెండు ప్రతులుగా ఉండాలి. దొర కోసం గుమాస్తా ఎత్తిరాసే సాపు ఒకటి, తన కోసం తెలుగులో రాసుకునే చిత్తు ఒకటి. ఈ రెంటికీ మధ్య తేడాయే మీ కథ.

సాపు: 1882 నవంబరు 9. నంబరు 41. పొడవు 31 అంగుళాలు. కనుపాప తేనెరంగు. కడుపు ఖాళీ.

చిత్తు: చిత్రభాను నామ సంవత్సరం, ఆశ్వయుజ బహుళం. కడుపు ఖాళీ అని రాయమన్నారు, రాసినాను. మట్టె ఒకటి ఉన్నది. దొరగారే కడిగి జేబులో వేసుకున్నారు.

ఇంతే. ‘నాకు వెన్నులో చలి పుట్టింది’ అని గుమాస్తా చేత ఒక్కసారి కూడా అనిపించకండి. అనిపించారా, చిట్టా చచ్చిపోతుంది. తేడాలు కూడా మొదట చిన్నవిగా ఉండాలి: అంగుళం తప్పు, పేరు తప్పు. నలభై పేజీలయ్యేసరికి పాఠకుడు ప్రతి సాపునీ అనుమానించడం నేర్చుకుంటాడు. ఆ తరవాత చిత్తు ప్రతిని ఎప్పుడు అబద్ధం చేయిస్తారో మీ ఇష్టం.

కాలం లెక్కలో ఇంకో సౌకర్యం ఉంది. తంతి ఆఫీసు గడియారం మద్రాసు టైము చూపించేది. సూర్యుణ్ణి బట్టి చూస్తే బరంపురం మద్రాసుకన్నా దాదాపు 18 నిమిషాలు ముందు, పర్లాకిమిడి 15 నిమిషాలు ముందు. గుమాస్తా జాములూ ఘడియలూ రాస్తాడు (జాము మూడు గంటలు, ఘడియ ఇరవైనాలుగు నిమిషాలు). ఒకే సంఘటన మూడు కాలాల్లో నమోదవుతుంది. బంట్రోతు చనిపోయిన వేళా, అతను కేక వేసిన వేళా తిరగబడి కనిపిస్తే అది గడియారాల తేడానా మరొకటా అని పాఠకుడు తేల్చుకోలేడు. దీన్ని ఒక్కసారే వాడండి. రెండోసారి వాడితే లెక్కల పుస్తకం అవుతుంది.

మన సరిహద్దువాళ్లకు మాత్రమే చేతికందే సరుకు ఒకటుంది, అంక లెక్క. ఒడియా పంచాంగంలో గజపతి రాజుల పాలనా సంవత్సరాలు సునియా నాడు, భాద్రపద శుద్ధ ద్వాదశికి, మారతాయి. ఈ లెక్కలో 1 ఉండదు, 2తో మొదలు. 6తో ముగిసే అంకెలు ఉండవు. సున్నాతో ముగిసేవీ ఉండవు, ఒక్క 10 తప్ప. 5 తరవాత 7. 15 తరవాత 17. 19 తరవాత 21. కరణం ఇంట్లో పాత తాటాకు కట్ట విప్పితే, కొండ మీంచి భూతం దిగివచ్చిన సంవత్సరం ‘26వ అంక’ అని ఉందనుకోండి. ఆ అంకె గల సంవత్సరం ఎప్పుడూ జరగలేదు. ఒడియా తెలిసిన వంటవాడు ఆ ఆకు చూసి పని మానేసి వెళ్లిపోవాలి. ఎందుకు వెళ్లిపోయాడో దొరకి అర్థం కాకూడదు. పాఠకుడికి ఈ లెక్క ముందే ఎక్కడో పెళ్లి ముహూర్తం సందర్భంలోనో, భూమి దస్తావేజు సందర్భంలోనో తెలిసి ఉండాలి.

భూతానికి తిండి లెక్క

పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, కాలి ఎముక అడ్డుకోత మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. అందుకే పులిని రెండింతలు చేసి పరిగెత్తించకండి, కాళ్లు విరుగుతాయి. తిండి సంగతి ఇంకా కష్టం. పులి ఏడాదికి యాభై దాకా జంతువుల్ని చంపుతుంది, వారానికి ఒకటి చొప్పున. ఎనిమిది రెట్లు బరువున్నది ఆ వరసలో తింటే ఒక సంవత్సరంలో చుట్టుపక్కల గొడ్లు మిగలవు, ఊళ్లు లేచిపోతాయి, కలెక్టరు పటాలం పంపుతాడు. రహస్యం ఎక్కడ?

దాగి ఉండే భూతానికి దారి మొసలి చూపిస్తుంది. చల్లని రక్తం, కదలిక తక్కువ, నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఏళ్లకోసారి లేచే జీవిని ఇలా కట్టండి, అంక లెక్కకూ అతుకుతుంది. అది దేన్ని చూసి లేస్తుందో మీకు తెలియాలి (వరదా, వాసనా, తవ్వకమా), పాఠకుడికి పూర్తిగా చెప్పకూడదు. హద్దురాళ్ల కోసం తవ్విన గుంటలు ఉండనే ఉన్నాయి.

జాడల విషయంలో నేలను మర్చిపోవద్దు. నది ఇసకలో అచ్చు అంచులు జారిపోతాయి, అసలుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఎర్రమట్టి గట్టినేల మీద పడనే పడదు. తడి బంకమట్టిలో పడ్డది నమ్మదగ్గది. అచ్చుకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తారు, రెండు వంతులు పొడికి ఒక వంతు నీళ్లు, అరగంటలో గట్టిపడుతుంది. వానాకాలంలో డబ్బా మూత వదులైతే పొడి గాల్లో తేమ పీల్చి చచ్చిపోతుంది, ఎంతసేపైనా గట్టిపడదు. దొరికిన ఒకే ఒక్క మంచి అచ్చు ఇలా ముద్దయిపోవడం, భూతం వచ్చి దాన్ని తుడిచెయ్యడంకన్నా ఎక్కువ బాధిస్తుంది.

సామాను ఎలా చెడుతుందో తెలిసి రాయడం

పెట్టెలు ఓడ నుంచి గోపాలపురం రేవులో దిగాలి. ఓడ దూరంగా ఆగుతుంది, మసూలా పడవలో అలలు దాటించాలి. ఆ పడవ పలకలకు మేకులు ఉండవు, కొబ్బరి తాడుతో కుట్టినవి. అల కొడితే విరక్కుండా వంగుతుంది. పడవ వంగితే లోపలి గాజు విరుగుతుంది. మొదటి అధ్యాయానికి ఇది చాలు: పన్నెండు డజన్ల ఫొటో పలకలు బయల్దేరి ఏడు డజన్లు మిగిలాయి. ఇక ప్రతి ఫొటోకీ ఖరీదు ఉంది.

ఎండు పలక మీది జెలటిన్ వెచ్చటి నీళ్లకు మెత్తబడి అంచుల దగ్గర ముడతలు పడుతుంది, ఒక్కోసారి జారిపోతుంది. అందుకే రాత్రిపూట చల్లటి నీళ్లలో, పటిక కలిపి కడిగేవారు. ముడత పడ్డ పలక మీద గుమ్మంలో నిలబడ్డ మనిషి మెడ సాగినట్టు కనిపిస్తుంది. అది జెలటిన్ పనా, మెడే అలాంటిదా?

స్పిరిటు సీసాలకు మూత్రాశయపు పొర కట్టి మైనం పోసేవారు. మన వేసవికి అది చాలదు, మట్టం తగ్గుతుంది, మళ్లీ పోస్తూ ఉండాలి. నౌకరు తాగేశాడన్న హాస్యం బాగా నలిగిపోయింది, వదిలెయ్యండి. మట్టాన్ని ప్రతి ఆదివారం చిట్టాలో రాయించండి: సీసాలన్నిటిలో పావు అంగుళం తగ్గితే, 41లో పావు అంగుళం పెరగాలి.

దొర శరీరం కూడా సామానే. పాషాణపు సబ్బు ఏళ్ల తరబడి చేత్తో రుద్దితే అరచేతులు మొద్దుబారి గరుకు కట్టుకుంటాయి, చర్మం మీద వాన చినుకుల్లా మచ్చలు పడతాయి, గోళ్ల మీద అడ్డంగా తెల్లగీతలు వస్తాయి, వేళ్లకు స్పర్శ పోతుంది. క్వినైన్ మోతాదు పెరిగితే చెవుల్లో హోరు, చూపు మసక. జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. దొర భూతంగా మారుతున్నాడని గుమాస్తా అనుకునే ప్రతి లక్షణానికీ ఈ మూడింట్లో ఒకటి సమాధానం చెప్పగలగాలి. ఒక్క లక్షణానికి మాత్రం చెప్పకూడదు. అది ఏదో మొదటే నిర్ణయించుకుని, పుస్తకం అంతటా రెండుసార్లకు మించి చూపించకండి.

నాలుగు భాషల దారిలో

కొండ మీద సవర ముసలాయన చెబుతాడు, ఒడియా దుబాసీ వింటాడు, తెలుగు గుమాస్తా రాసుకుంటాడు, దొర ఇంగ్లీషులో ఎక్కిస్తాడు. ఈ నాలుగు మెట్లూ పక్కపక్కన రాసి చూడండి.

ముసలాయన: ‘అది సోనుం. చనిపోయిన మా అమ్మమ్మ. పూనినామె నోట మాట్లాడుతుంది, ఆకలేస్తోందంటుంది, మేకనిస్తాం.’ దుబాసీ: ‘ముసలిదాని భూతం. బలి అడుగుతుంది.’ గుమాస్తా: ‘ఆడ దయ్యం. ఆకలిగొన్నది. బలి కోరును.’ దొర: ‘స్త్రీరూప రాక్షసజాతి. నరబలి అనుమానం.’

సవరల దగ్గర చచ్చిపోయినవాళ్లు పూనకంలో వచ్చి ఇంటివాళ్లతో మాట్లాడతారు, కోపం చేస్తారు, ఏడుస్తారు. ఆ అమ్మమ్మ నాలుగు మెట్లు దిగేసరికి రాక్షసజాతి అయింది. గంజాం సీమలో రాసే నవలకు ఇంతకన్నా మంచి భూతం పుట్టుక దొరకదు. గుమాస్తాకి సవర భాష వచ్చేలా చేస్తే దారి మధ్యలో తెగుతుంది. ఆ కాలానికి అదీ సహజమే: 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయుడిగా వచ్చిన గిడుగు రామమూర్తి తరవాత సవర నేర్చుకుని నిఘంటువే తయారుచేశారు. మీ గుమాస్తా నేర్చుకుంటున్నకొద్దీ తను ముందు రాసిన పేజీలు తప్పని తెలుసుకుంటాడు. అప్పటికే సాపు ప్రతి మద్రాసు వెళ్లిపోయి ఉంటుంది.

గుమాస్తా తెలుగు గ్రాంథికంలోనే ఉండాలన్న బెంగ వద్దు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేస్తూ దాదాపు మాట్లాడే తెలుగులోనే రాసుకున్నారు, తిరుగుదారిలో గంజాం మీదుగానే వచ్చారు. చిత్తు ప్రతికి ఆ ధోరణి పెట్టండి, అర్జీలకు మాత్రం కచేరి తెలుగు: తాఖీదు, మహజరు, ముచ్చిలిక, ఠాణా, బంట్రోతు. ‘శాస్త్రవేత్త’, ‘నేపథ్యం’, ‘అనుమానాస్పద మృతి’ లాంటి పత్రికల మాటలు ఒక్కటి దొర్లినా కాలం విరిగిపోతుంది. ఊరివాళ్ల మాటకు మన ఉత్తరాంధ్ర యాస ఉండనే ఉంది.

‘అదెలగుంటాదని అడుగుతున్నారు దొరగారు.’

‘ఎలగుంటాదేటి నాయనా. అదొచ్చినపుడు కుక్కలు మొరగవు. అంతే.’

దొరచేత వచ్చీరాని తెలుగు పలికించి నవ్వించాలని చూడకండి. ఆయన తెలుగు బాగానే నేర్చుకున్నవాడైతే ఇంకా భయం. గుమాస్తాని ‘పంతులూ’ అని పిలుస్తాడు, మర్యాదగానే ఉంటాడు, మట్టె జేబులో వేసుకుంటాడు.

ఎవరిని భూతం చెయ్యకూడదు

కొండజాతిని భూతం చేస్తే ఆ దొర రాసిందే మీరూ రాసినట్టు. మెరియా బలులు (కొండల్లో ఒకప్పటి నరబలులు) వాడుకోవాలనిపిస్తుంది, చాలామందికి మొదట తట్టేది అదే. వాడేటట్టయితే రికార్డు సరిగ్గా చదవండి: 1845 నాటి 21వ చట్టంతో మెరియా ఏజెన్సీ పెట్టారు, 1861లో ఎత్తేశారు, అంటే 1882 నాటికి అది ముసలివాళ్ల జ్ఞాపకం. బలికి ఇచ్చే మనిషిని డబ్బిచ్చి కొనాలి. అమ్మినవాళ్లలో పల్లపువాళ్లు ఉన్నారు. జమీందారు మేడలో మూసిన గది కావాలంటే ఆ అమ్మకాల చిట్టా అందులో పెట్టండి.

మంత్రగత్తె ముద్ర మన జిల్లాల్లో పాతకథ కాదు, ఇప్పటికీ ఆడవాళ్ల ప్రాణాలు తీస్తోంది. ఒడిశాలో దీనికోసం 2013లో చట్టమే వచ్చింది. నవలలో ఒకామెపై ఆ ముద్ర పడొచ్చు. అది నిజమని కథ తేల్చకూడదు.

పొడవు, అమరిక

డెమీ సైజులో పేజీకి సుమారు 220 మాటల చొప్పున 250 పేజీలు, అంటే 55,000 మాటలు. అంతకు మించితే చిట్టా ఊపిరి ఆడదు. అందులో చిట్టా, ఉత్తరాలు, అర్జీలు కలిపి మూడోవంతు. తక్కింది గుమాస్తా చెప్పే కథ. మొదటి జాడ ఇరవై పేజీల లోపల పడాలి, రెండోది డెబ్భైకి. భూతం ఒళ్లు ఒకేసారి పూర్తిగా చూపించకండి. ఒక చీటీలో పాదం, ఒక అర్జీలో ఉప్పు, ఒక పలక మీద మెడ. ఇవన్నీ కలిపి ఒకే జంతువుగా కుట్టేది పాఠకుడే, మీ వాక్యం ఎక్కడా ఆ పని చెయ్యకూడదు.

ఆఖరి పేజీలో గుమాస్తా తన ఒంటికొలతలే చీటీ మీద రాసుకోవడం అందరికీ తట్టే ముగింపు. దాని బదులు ఉప్పు శాఖ నుంచి ఒక పొడి ఉత్తరం పెట్టండి: దొరవారి పేర ఇచ్చిన ఉప్పు వాపసు అందింది, బస్తాల సీళ్లు విప్పినట్టు లేదు, తూకం పద్నాలుగు మణుగులు సరిపోయింది, రసీదు జతపరచడమైనది.